పోయినవాడి సమ్మతి

ఇబ్రహీంపట్నం
7-7-1997

ఉదయ్‌కి,

మామయ్య రాస్తున్నాను. ఇక్కడ మేమిద్దరం బాగున్నాం. నువ్వు సెలవులు అయిపోయి రైలెక్కిన దగ్గర్నుంచి ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. మీ అత్తయ్య మాట్లాడుతూనే ఉంది గాని జవాబు చెప్పేవాళ్ళు లేరు. నన్ను ఆ లెక్కలో వేసుకోవడం ఆవిడ ఎప్పుడో మానేసింది.

నువ్వు నేర్పిన ఆట గురించి ఆలోచించాను. నాకు అర్థమైంది ఇది. నలుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకడు కథ నడుపుతాడు. మిగతావాళ్ళకి తలా ఒక వేషం. ఏం చేయదలచుకున్నారో నోటితో చెబుతారు. అది జరిగిందో లేదో పాచిక చెబుతుంది. మా రోజుల్లో దీన్ని పగటికలలు కనడం అనేవారు, తిట్టేవారు. మీరు దానికి రూల్సు పుస్తకం పెట్టుకున్నారు కాబట్టి తిట్టడానికి వీల్లేదు.

నాకు క్లెరిక్ వేషం ఇచ్చారు. గాయాలు మాన్పి, అవసరమైతే పోయినవాణ్ణి కూడా లేపగల పూజారి. ఇంత శక్తి ఉన్న వేషం మీ గదిలో ఎవరికీ ఎందుకు వద్దని అడిగితే, ‘అందరికీ కత్తి తిప్పాలని ఉంటుంది మామయ్యా, వెనక నిలబడి కట్లు కట్టేదెవరు?’ అన్నావు. పవర్ స్టేషన్ స్టోర్సులో నేను ఇన్నేళ్ళుగా చేస్తున్నది అదే. కౌంటరు వెనక నిలబడతాను. ముందు నిలబడ్డవాళ్ళు టర్బైన్లు తిప్పుతారు. కనక ఒప్పుకున్నాను. నా పూజారి పేరు సోమస్వామి.

బల్ల మీద పెట్టుకోవడానికి బొమ్మ కావాలన్నావని కొండపల్లి వెళ్ళాను. రావమ్మ గారని, బొమ్మలు చేసే ఆవిడ. “ఏ స్వామండీ?” అంది. “మందూ మంత్రం రెండూ వేసే స్వామండీ” అన్నాను. “ఆ స్వామి మా దగ్గర లేరండీ. దశావతారాలున్నాయి, పెళ్ళికొడుకున్నాడు, ఏనుగంబారీ ఉంది” అని, చివరికి తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడి బొమ్మ ఒకటి తీసింది. చెట్టు విరిగిపోయింది, మనిషి మిగిలాడు. నా ఎదురుగానే కాషాయం రంగు వేసి ఇచ్చింది. చెట్టు లేదు కాబట్టి రెండు చేతులూ గాలిని కావలించుకుని ఉంటాయి. దీవిస్తున్నాడనుకోండి. ఇరవై ముఖాల పాచిక కూడా చెక్కించాను. బాగా నునుపు చెయ్యమన్నది నేనే. ఇప్పుడది ఎక్కడా ఆగడం లేదు.

ఒక్క షరతు. చిన్నాచితకా గాయాలకు సోమస్వామి నన్ను అడగనక్కర్లేదు. పోయినవాణ్ణి లేపే పెద్ద మంత్రం ఒక్కసారే పనిచేస్తుందన్నావు కదా, అది మాత్రం నా సంతకం ఉన్న ఉత్తరం అందాకే తియ్యాలి. ఇండెంటు లేకుండా మా స్టోర్సు నుంచి ఒక బోల్టు కూడా బయటికి పోదు.

అరిసెలు పార్సిల్లో అడుగున ఉన్నాయి, బొమ్మ పైన ఉంది. ఏది ముందు తియ్యాలో నీకు తెలుసు.

మామయ్య,
రామకోటేశ్వరరావు


సూరత్కల్
15-7-1997

మామయ్యా, నమస్కారం.

పార్సిల్ అందింది. అరిసెలు నేను హాస్టల్ మెట్లెక్కేలోపే సగమయ్యాయి. సోమస్వామిని బల్ల మీద పెట్టాం. మాతో ఆడే గుంటూరువాడొకడు చూసి, “ఈయన దీవిస్తున్నాడా, చెట్టు వెతుక్కుంటున్నాడా?” అన్నాడు. పాచిక మంచం కిందికి వెళ్ళింది. ఇంకా వెతుకుతున్నాం.

కథ నడిపేది నాసిర్ భాయ్. మా సీనియరు, మన విజయవాడ వన్‌టౌనే. ఆయన మీ షరతు విని చాలాసేపు నవ్వి, “రూలు రూలేరా, పెద్దాయన మాట ఉంచుదాం” అన్నాడు. కాని ఒక ఇబ్బంది ఉంది మామయ్యా. పోయినవాణ్ణి పదో రోజులోపే లేపాలి. ఆటలో రోజులూ బయటి రోజులూ ఒకటే. ఇక్కణ్ణుంచి ఉత్తరం మీకు చేరడానికి ఐదు రోజులు, మీ జవాబు రావడానికి ఐదు రోజులు. ఇంకోటి, పోయినవాడు తిరిగి రావడానికి ఒప్పుకోవాలి. వాడు రానంటే ఏ స్వామీ ఏం చెయ్యలేడు. ఆ షరతు తీసెయ్యండి. లేదా కనీసం ఫోన్ చెయ్యండి.

ఆటలో నేను గంగన్నని. రెండు కత్తులు, భయం లేదు. మీకు చెప్పొచ్చో లేదో గాని చెబుతున్నాను, ఇక్కడ క్లాసులో నేను నోరు విప్పను. తెలుగు మీడియంవాడు ఇంగ్లీషులో ఒక ప్రశ్న అడిగితే వెనక బెంచీవాళ్ళు దాన్ని అదే గొంతుతో వారమంతా అప్పజెబుతారు. ఆదివారం మధ్యాహ్నం ఈ గదిలో మాత్రం అరుస్తాను. గంగన్న అరిస్తే రాక్షసులు కూడా ఆగుతారు. ఈ గదే లేకపోతే ఈపాటికి గుడివాడ ఇంటికి వచ్చేసేవాణ్ణి.

అత్తయ్యని అడిగానని చెప్పండి.

మీ ఉదయ్


ఇబ్రహీంపట్నం
23-7-1997

ఉదయ్‌కి,

ఉత్తరం అందింది. వానలు పడుతున్నాయి, పవర్ స్టేషన్ బూడిద చెరువు వైపు రోడ్డు మీద సైకిలు తోసుకుంటూ వెళ్ళాల్సివస్తోంది.

షరతు తియ్యడం గురించి ఆదివారం అంతా ఆలోచించాను. తియ్యలేను. నేను పిసినారినని మీ అత్తయ్య అంటుంది. కాదు, ముందుజాగ్రత్త ఉన్న మనిషిని. ఒక్కసారే పనిచేసే సరుకు ఉందనుకో, దాన్ని వాడేసిన మర్నాడే అసలైన అవసరం వస్తుంది. అందుకని వాడకుండా ఉంచుతాం. రోజూ రాసుకునే పద్దుల పుస్తకంలో ఇప్పుడు సోమస్వామికి కూడా ఒక వరుస పెట్టాను. “ఈ రోజు మంత్రాలు: ఖర్చు లేదు.” అలా రాసి పడుకుంటే హాయిగా నిద్రపడుతోంది. ఆయన వల్ల ఈ భూమ్మీద ఏ జబ్బుమనిషీ లాభపడలేదన్న సంగతి అప్పుడు గుర్తుకు రాదు.

ఫోన్ సంగతి. మా వీధి ఎస్‌టీడీ బూత్ మార్త గారిది. గాజుతలుపు సరిగా పడదు. నలుగురు వరుసలో ఉండగా “పోయినవాణ్ణి లేపు” అని నేను అరిస్తే ఆవిడ ఆదివారం చర్చిలో నా కోసం ప్రార్థన పెట్టిస్తుంది. ఉత్తరమే రాస్తాను. నీ ఉత్తరం అందిన రోజే జవాబు వేస్తాను. ఆ మాట ఇస్తున్నాను.

క్లాసు సంగతి చదివాను. చలిమిడి పంపమంటావా?

మామయ్య


సూరత్కల్
3-8-1997

మామయ్యా,

చలిమిడి వద్దు, ఇక్కడ చీమలు ఎక్కువ.

ఇవాళ సోమస్వామి నా కాలికి కట్టు కట్టాడు, మీ అనుమతి లేకుండానే. ఖర్చు రాసుకోండి. మీకు గదిలో పేరు కూడా వచ్చింది, స్టోర్స్ స్వామి. గుంటూరువాడు మొదలుపెట్టాడు. ‘పెద్ద మంత్రం ఎప్పుడు తీస్తాడ్రా, ఆడిట్‌కా?’ అంటాడు. నేను ఊరుకోలేదు. “మా మామయ్య చెయ్యి నిదానం గాని మాట తప్పడు. అవసరమొస్తే ఒక్క ఉత్తరంతో లేపి కూచోబెడతాడు, చూస్తూ ఉండండి” అన్నాను. అందరి ముందూ అన్నాను.

వచ్చే ఆదివారం గుహలోకి దిగుతున్నాం.

మీ ఉదయ్


(కార్డు)

సూరత్కల్
10-8-1997

మామయ్యా,

ఈ మధ్యాహ్నం మనవాడు పోయాడు. ఒక్కడే ముందుకు వెళ్ళాడు, ఆపేలోపే అయిపోయింది. గంగన్న పోతాడని నేనే అనుకోలేదు. సోమస్వామి పక్కనే చేతులు చాచి నిలబడ్డాడు, అనుమతి లేక. ఇరవయ్యో తేదీకి పదో రోజు. ఆలోపు మీ మాట అందాలి. “లేపు” అని ఒక్క మాట రాసి సంతకం పెడితే చాలు. గది మొత్తం ఎదురుచూస్తోంది.

ఉదయ్


ఇబ్రహీంపట్నం
14-8-1997

ఉదయ్‌కి,

నీ కార్డు అందింది. విషయం తెలిసింది. అందిన పూటే రాస్తున్నాను.

ఇలాంటప్పుడు ఏం రాయాలో నాకు తెలియదు. చిన్నవయసు. నిన్నటిదాకా మీ అందరితో కలిసి తిరిగినవాడు. అయినా పోయినవాళ్ళు తిరిగి రారు. ఎంతటి శక్తి ఉన్నవాడైనా ఇక్కడ చెయ్యగలిగిందేమీ లేదు. మనసు రాయి చేసుకోవాలి. కన్నతల్లి ఎలా తట్టుకుంటుందోనని మీ అత్తయ్య మధ్యాహ్నం నుంచీ బాధపడుతోంది. మేమిద్దరం తలస్నానం చేశాం.

పదో రోజున నువ్వు దగ్గరుండు. వాళ్ళ బంధువులు వస్తే భోజనాల దగ్గర ఏదో ఒక పని అందుకో. వడ్డన చేసే మనిషికి దుఃఖం కొంచెం తేలికగా ఉంటుంది.

సోమస్వామిని కొన్నాళ్ళు కదిలించకండి. ఇది ఆటలకు సమయం కాదు.

వేళకు తిను.

మామయ్య


సూరత్కల్
21-8-1997

శ్రీ రామకోటేశ్వరరావు గారికి,

మీ ఉత్తరం సరిగ్గా పదో రోజున వచ్చింది. అందరూ నా మంచం చుట్టూ చేరారు. చదివి వినిపించమన్నారు. నేను ముందు చూసుకోకుండా పైకి చదివాను, నమ్మకం కొద్దీ.

“తలస్నానం చేశారట్రా!” అని గుంటూరువాడు నేలమీద పడి దొర్లాడు. “భోజనాలెక్కడరా, మెస్‌లోనా?” అని ఇంకొకడు. నాసిర్ భాయ్ కూడా నవ్వు ఆపుకోలేక, “మీ మామయ్య గట్టోడ్రా. ఒక్క మంత్రం మిగల్చడానికి సొంత మేనల్లుడికే తద్దినం పెట్టించాడు” అన్నాడు. నేను నవ్వలేదు.

మీకు ఇవ్వడం ఇష్టం లేకపోతే ఇవ్వనని రాస్తే సరిపోయేది. ఇంత వెటకారం అక్కర్లేదు. గంగన్నని పూడ్చేశారు. నేను ఆ గదికి వెళ్ళడం మానేశాను. ఇప్పుడు ఆదివారాలు కూడా మిగతా రోజుల్లాగే ఉన్నాయి. వచ్చే నెలాఖరుకి టీసీ తీసుకుని గుడివాడ వచ్చేస్తాను. నాన్నకి ఇంకా రాయలేదు, మీరూ చెప్పకండి.

ఇక ఆట ఉత్తరాలు రాయనక్కర్లేదు.

ఉదయభాస్కర్


ఇబ్రహీంపట్నం
27-8-1997

ఉదయ్‌కి,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నాలుగోసారి అర్థమైంది. అర్థమయ్యాక ముందు సంతోషించాను, ఎవరూ పోలేదని. ఆ సంతోషం ఒక నిమిషం ఉంది. తరవాత కుర్చీలో కూర్చున్నాను.

జరిగింది చెబుతాను. నీ కార్డు వచ్చేసరికి నేను డ్యూటీలో ఉన్నాను. సాయంత్రం ఇంటికొస్తే మీ అత్తయ్య తడిజుట్టుతో గుమ్మంలో నిలబడి, “ముందు పెరట్లోకి వెళ్ళి నీళ్ళు పోసుకోండి” అంది.

“ఏమైంది?”

“ఉదయ్ దగ్గర్నుంచి కార్డొచ్చింది. ఎవరో పోయారు.”

“ఎవరు?”

“చదివితేగా! ‘మనవాడు పోయాడు’ అని మొదటి వరసలోనే ఉంది. అక్కడే ఆపి చించేసి పారేశాను. చావు కబురు ఇంట్లో పెట్టుకుంటారా ఎవరైనా?”

మీ అమ్మమ్మ గారింట్లో కూడా అంతే కదా, చావు కబురు తెచ్చిన కార్డు గడప దాటి లోపలికి రాదు. ముక్కలు వెతుకుదామంటే పెరట్లో వాన. హాస్టల్లో నీ స్నేహితుడెవరో పోయాడనుకున్నాను. ఎవరు పోయారని నిన్ను అడగొచ్చు. కాని దుఃఖంలో ఉన్నవాణ్ణి పేరు మళ్ళీ చెప్పమనడం మర్యాద కాదనిపించింది. నా మర్యాద ఎప్పుడూ ఇలాంటి చోటే అడ్డం పడుతుంది. కాబట్టి పేరు తెలియకుండానే, తెలిసినట్టుగా, ఆ ఉత్తరం రాశాను. పదో రోజు మాట కూడా మామూలు పదో రోజు గురించే. రాశాక మీ అత్తయ్యకి చదివి వినిపించాను కూడా. “బాగా రాశారు” అంది. ముప్ఫై ఏళ్ళలో నా ఉత్తరం ఆవిడ మెచ్చుకోవడం అదే మొదలు.

నీ ఉత్తరం వచ్చాక ఆవిణ్ణి పిలిచి, “పోయింది గంగన్నట” అన్నాను.

“గంగన్న ఎవరు?”

“మన ఉదయే.”

అలా అనకూడదు. అనేశాక తెలిసింది. ఆవిడ చేతిలో చెంబు పడిపోయింది. “ఆటలో! ఆటలో!” అని నేను అరిచాను. నేను అరవడం విని పక్కింటివాళ్ళు వచ్చారు. వాళ్ళకీ మొదటినుంచీ చెప్పాల్సివచ్చింది. అంతా విని మీ అత్తయ్య, “అయితే ఆ చన్నీళ్ళ తలస్నానం నాచేత ఓ కట్టెబొమ్మకి చేయించారా?” అంది. బొమ్మ కూడా కాదు, కాగితం మీద పేరు అని చెప్పాను. ఆ రోజు కూరలో ఉప్పు లేదు. నేను అడగలేదు.

పోయినవాళ్ళని లేపే శక్తి చేతిలో పెట్టుకుని సంతాపం తెలియజేసిన పూజారి, ఏ రూల్సు పుస్తకంలో వెతికినా, నేనొక్కణ్ణే ఉంటాను. వెటకారం నాకు రాదు ఉదయ్. వచ్చి ఉంటే ఈపాటికి ప్రమోషన్ వచ్చేది.

ఇప్పుడు ఏం చెయ్యొచ్చో నాసిర్‌ని అడిగి రాయి. ఎంతైనా సరే. కార్డు వద్దు, కవరులో రాయి.

మామయ్య


సూరత్కల్
3-9-1997

మామయ్యా,

మీ ఉత్తరం మెస్‌లో చదివాను. ఉప్పు దగ్గర నవ్వొచ్చింది. ఎదురుగా కూర్చున్నవాళ్ళు చూశారు. కాని అబద్ధం ఎందుకు చెప్పాలి, బరువు పూర్తిగా దిగలేదు. మీరు వెటకారం చెయ్యలేదని నాకు తెలిసింది గాని, వాళ్ళు నవ్విన నవ్వు ఇంకా నా చెవుల్లోనే ఉంది.

నాసిర్ భాయ్ కారిడార్లో కలిస్తే చెప్పాను. ఆయన పొట్ట పట్టుకుని గోడకి ఆనుకున్నాడు. తరవాత పుస్తకం తీసి చూశాడు. పదో రోజు దాటాక మీ పెద్ద మంత్రం పనిచెయ్యదు. ఒకే దారి ఉందట. క్లెరిక్ తన ప్రాణం ఇచ్చి లేపొచ్చు. ఆయన పోతాడు, గంగన్న లేస్తాడు.

అది మిమ్మల్ని అడగను. అడిగినా లాభం లేదు. పోయినవాడు ఒప్పుకోవాలని చెప్పాను కదా. గంగన్న రానంటున్నాడు. అక్కడ బాగానే ఉందట, ఎవరూ నవ్వరట.

టీసీకి ఈ నెలాఖరున అప్లికేషన్ ఇస్తాను.

ఉదయ్


ఇబ్రహీంపట్నం
9-9-1997

ఉదయ్‌కి,

నీ చదువు సంగతి నేను మాట్లాడను. పదో తరగతితో ఆగినవాణ్ణి, మాట్లాడితే బాగుండదు. నాకు పని గంగన్న గారితో ఉంది. కింద ఉన్నది ఆయనకి చదివి వినిపించు.

గంగన్న గారికి,

మనం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. మీరు ముందు ఉండేవారు, నేను వెనక. ఒకసారి కాలికి కట్టు కట్టాను, గుర్తుండి ఉంటుంది.

మీరు రానంటున్నారని తెలిసింది. మిమ్మల్ని చూసి నవ్వారని మీ బాధ. అది పొరపాటు. ఆ ఉత్తరం రాసింది నేను. తలస్నానం చేసింది నేను. భోజనాలు వడ్డించమన్నది నేను. ఆ నవ్వు మొత్తం నాకు రావలసింది. దాన్ని మీరు తీసుకువెళ్ళి పాతాళంలో పెట్టుకున్నారు. నా సొత్తు నాకు ఇచ్చెయ్యండి.

నవ్వు గురించి నాకు కొంచెం తెలుసు. స్టోర్సులో చేరినప్పుడు నాకు ఇంగ్లీషు రాదు. యంత్రాలతోపాటు వచ్చే పుస్తకాలు చదివి నేర్చుకున్నాను. అందుకని నా ఇంగ్లీషు ఇప్పటికీ పంపుసెట్టు మాట్లాడినట్టు ఉంటుంది. నేనన్న మాటల్ని షిఫ్టు దిగేవాళ్ళు షిఫ్టు ఎక్కేవాళ్ళకి నా గొంతుతోనే అప్పజెప్పేవారు. చాలా బాగా అప్పజెప్పేవారు, ఒకసారి నాకే నవ్వొచ్చింది. వాళ్ళందరూ బదిలీల మీద వెళ్ళిపోయారు. నేను కౌంటరు దగ్గరే ఉన్నాను. ఇందులో గొప్పేమీ లేదు, ఎక్కడికి పోవాలో తెలియక ఉన్నాను. కాని ఉన్నాను.

ఇక నా సంగతి. ఆ పెద్ద మంత్రం ఖర్చు కాకుండా కాపాడాను. మా దగ్గర చివర్న ఒక గది ఉంది. ఎవరికీ ఇవ్వకుండా భద్రంగా ఉంచి, గడువు దాటిపోయిన రబ్బరు వాషర్లు అందులో ఉంటాయి. కొన్నప్పుడు చాలా మంచివి. నా మంత్రం కూడా అక్కడికే చేరింది. ప్రాణం ఒకటి మిగిలింది. దాన్ని కూడా వాషరు చెయ్యదలచుకోలేదు.

కాబట్టి నా ఆదేశం: సోమస్వామి తన ప్రాణం ఇచ్చి గంగన్నను లేపవలెను. ఏ ఆదివారమైనా సరే. సంతకం కింద ఉంది.

ఒప్పుకోవడం మాత్రం మీ చేతిలోదే. మీరు రాకపోయినా నేను కోపగించను. వస్తే బాగుంటుంది.

మామయ్య
(సోమస్వామి)
రామకోటేశ్వరరావు

రావమ్మ గారి పాచిక వాడకండి. అది ఆగేసరికి గంగన్న గారు ముసలివారైపోతారు.


సూరత్కల్
21-9-1997

మామయ్యా,

ముందే చెబుతున్నాను, అత్తయ్యని మొదటి వాక్యం దగ్గర ఆగవద్దని చెప్పండి. ఈ మధ్యాహ్నం సోమస్వామి పోయారు.

మీ ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచి ఇవాళ్టిదాకా జేబులోనే ఉంది. ఇవాళ ఆ గది ముందు నుంచి వెళుతూ ఆగాను. తలుపు తీసే ఉంది. నాసిర్ భాయ్ తలెత్తి, “ఏరా, శవం నడుచుకుంటూ వచ్చింది. లోపలికి రా” అన్నాడు. వెళ్ళి గంగన్నకి మీరు రాసింది నాసిర్ భాయ్ చేతికి ఇచ్చాను. ఆయన పైకి చదివాడు. పంపుసెట్టు దగ్గర నవ్వారు. వాషర్ల దగ్గర ఎవరూ నవ్వలేదు. గుంటూరువాడు లేచి వెళ్ళి కిటికీ దగ్గర నిలబడ్డాడు.

నాసిర్ భాయ్ పుస్తకం మూసి నన్ను అడిగాడు. “గంగన్నా, ఓ ముసలాయన నీకోసం పోతానంటున్నాడు. వస్తావా?”

“వస్తా” అని గొణిగాను. గంగన్న గొణగడం అదే మొదలు.

“అరే, గట్టిగా చెప్పరా. పాతాళం నుంచి వినబడొద్దూ?”

“వస్తా” అని అరిచాను. పై గదివాళ్ళు నేలమీద కొట్టారు.

లేచాను మామయ్యా. సోమస్వామి బొమ్మని పడుకోబెట్టాం. చేతులు అలా చాచి ఉన్నాయి కదా, నిలవలేదు, రెండుసార్లు దొర్లాడు. చివరికి గుంటూరువాడు తన దిండు మీద పెట్టి, “నేనన్న మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను స్వామీ” అన్నాడు. తరవాత అందరం మెస్‌కి వెళ్ళాం. నేనే వడ్డించాను. మీరు రాసింది నిజమే.

టీసీ కాగితం నింపి పెట్టాను గాని ఇవ్వను. మీ ఉత్తరం జేబులో ఉండగానే మొన్న శుక్రవారం క్లాసులో ఒక ప్రశ్న అడిగాను, ఇంగ్లీషులోనే. వెనకవాళ్ళు అప్పజెప్పడం మొదలుపెట్టారు. వచ్చేవారం ఇంకోటి అడుగుతాను, పాత ప్రశ్నతో విసుగొస్తుంది కదా వాళ్ళకి.

ఇప్పుడు మీకు వేషం లేదు. దొంగ వేషం ఖాళీగా ఉంది, మాంత్రికుడిదీ ఉంది. ఏది కావాలో రాయండి. క్లెరిక్ మళ్ళీ ఎవరూ తీసుకోలేదు.

మీ గంగన్న


ఇబ్రహీంపట్నం
25-9-1997

ఉదయ్‌కి,

కవరు నేనే విప్పాను. కబురు మీ అత్తయ్యకి మొదటినుంచి చివరిదాకా చదివి వినిపించాను. టీసీ దగ్గర ఆవిడ పైటచెంగుతో ముక్కు తుడుచుకుంది. నేను కళ్ళజోడు తుడుచుకున్నాను.

నాకు దొంగ వేషం ఇవ్వు అని రాయబోయాను. ఇన్నేళ్ళు తాళాలు కాపలా కాసినవాడికి అవతలి వైపు ఎలా ఉంటుందో చూడాలని ఉండదా? ఆ వాక్యం రాస్తూండగా ఆవిడ వంటింట్లోంచి అడిగింది.

“అయితే మీరు పోయినట్టేనా?”

“పోయాను.”

“మరి ఆ మంత్రాలు వేసేవాళ్ళు ఇప్పుడెవరు?”

“ఎవరూ లేరు. వెనక నిలబడే పని ఎవరికీ వద్దట.”

“నేను వేస్తాను.”

కలం పక్కన పెట్టాను. అనుమతులూ సంతకాలూ ఎలా ఉంటాయో చెప్పబోతే ఆవిడ వినలేదు. “మంత్రం ఉన్నది వెయ్యడానికి. ఎవరికి ఎక్కడ నొప్పి పెడితే అక్కడ వేసెయ్యమని చెప్పండి ఆ పిల్లలకి. అయిపోతే మళ్ళీ చూసుకుందాం” అంది. కనక రాసుకో: కొత్త క్లెరిక్ పేరు ఇందిరాదేవి. మారుపేరు అక్కర్లేదట. షరతులు లేవు.

ఆవిడ మొదటి పని సోమస్వామిని లేపడం. గడువు ఉంది కాబట్టి ఈ సాయంత్రమే విజయవాడ వెళ్ళి ఉత్తరం రైల్వే స్టేషన్లో వేస్తాను. కొత్తగా చేరిన పూజారికి అంత శక్తి ఉండదని నాసిర్ అనవచ్చు. మీ అత్తయ్య సంగతి అతనికి తెలియదు, నువ్వు చెప్పు.

“రూల్సు ప్రకారం పోయినవాడు ఒప్పుకోవాలి” అని నేను గుర్తుచేశాను.

“పెళ్ళయినప్పట్నుంచీ మీరు ఒప్పుకున్నారో లేదో ఎప్పుడైనా అడిగానా? లేవండి, అన్నం చల్లారిపోతోంది.”

లేచాను.

మామయ్య